ఆముదం చెట్టు తప్పేమిటి?

విజయవాడలో ఖాళీ స్థలం ఎన్నాళ్ళో ఖాళీగా ఉండదు. పాత ఇల్లు పడగొట్టిన చోట ఒక్క వాన పడితే చాలు, ఇటుక ముక్కల మధ్య నుంచి ఆముదం మొక్క తల ఎత్తుతుంది. రైలు కట్ట పక్కన, బుడమేరు గట్టు మీద, చెత్త పోసే మలుపులో, కోర్టు వ్యాజ్యంలో చిక్కి ప్రహరీ కూడా లేని ప్లాటులో, ఎవరూ విత్తనం వెయ్యకుండా, చెంబెడు నీళ్ళు పొయ్యకుండా, కొద్ది నెలల్లోనే మనిషెత్తు దాటిపోతుంది. అరచేతుల్లాంటి ఆకులు, ఎర్రటి కాడలు, ముళ్ళు ముళ్ళుగా కాయల గెలలు. దూరం నుంచి చూస్తే చెట్టే. దగ్గరికెళ్ళి కాండం పట్టుకుంటే లోపలంతా గుల్ల. పసిపిల్లాడు కాలు పెట్టినా విరుగుతుంది.

ఈ మొక్క మీద మనవాళ్ళు ఒక సామెత కట్టి పెట్టారు. ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం. బందరు కాలవ పక్కన టీ బడ్డీల దగ్గర పేపరు పంచుకుని చదివే జనంలో ఈ మాట వినపడని రోజు తక్కువ. ఓడిన పార్టీవాడు గెలిచినవాడి గురించి అంటాడు. గెలిచిన పార్టీలోనే టికెట్టు దక్కనివాడు దక్కినవాడి గురించి అంటాడు. ఆఫీసులో ప్రమోషన్ తప్పినవాడు కొత్త బాసు గురించి, అపార్టుమెంటు సంఘం మీటింగుకి ఏనాడూ రాని పెద్దమనిషి ఆ సంఘం ప్రెసిడెంటు గురించి. సర్పంచి మొదలు ముఖ్యమంత్రి దాకా, కాలేజీ ప్రిన్సిపాలు మొదలు క్రికెట్ కెప్టెన్ దాకా ఎవరి మీదైనా వేసెయ్యొచ్చు. అర్థం విడమరిచి చెప్పక్కర్లేదు. సమర్థులు లేరు గనక ఈ అల్పుడు పెద్దవాడై కూర్చున్నాడు అని. అంటే కుర్చీలో ఉన్నవాణ్ణీ, వాణ్ణి కూర్చోబెట్టిన ఊరునీ కలిపి ఒకే వాక్యంలో తిట్టడం. అన్న మనిషి మాత్రం తాను ఆ ఊరివాడు కానట్టే మాట్లాడతాడు.

చేతగానివాళ్ళ మీద మనకు సామెతలకేం కొదవ లేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు. చేతకానమ్మకు చేష్టలెక్కువ అన్నట్టు. సుమతీ శతకం చదువుకున్న పిల్లలందరికీ సింహాసనం మీద కుక్కను కూర్చోబెట్టిన పద్యం గుర్తుండే ఉంటుంది. అవన్నీ మనిషి గుణాన్ని పట్టుకుని తిడతాయి. ఆముదపు చెట్టు సామెత వాటిలో చేరదు. అందులో మొదటి సగం మనిషి గురించే కాదు, చోటు గురించి. ఏ చెట్టూ లేని చోట. ఆ సగాన్ని మనం గబగబా నమిలేసి, రెండో సగం దగ్గర గొంతు పెంచుతాం. నా పేచీ అంతా అక్కడే. ఆముదం చెట్టు ఏనాడూ తనను మహావృక్షమని చెప్పుకోలేదు. ఆ బిరుదు మనం ఇచ్చిందే.

ఈ మాట పుట్టిల్లు వెతుక్కుంటూ వెళితే నారాయణ పండితుడి హితోపదేశం తగులుతుంది. మిత్రలాభంలో ఒక జింక, కాకి, నక్కల కథ ఉంది. మగధలో చంపకవతి అనే అడవి. చిత్రాంగుడనే జింక, సుబుద్ధి అనే కాకి చిరకాలంగా స్నేహితులు. జింక కండ చూసి క్షుద్రబుద్ధి అనే నక్కకు నోరూరింది. స్నేహం పేరుతో దగ్గరికి చేరింది. కాకి అడ్డుపడింది. కులం గోత్రం తెలియనివాణ్ణి ఇంట్లోకి రానిస్తే ఏమవుతుందో చెప్పడానికి ముసలి గద్ద, పిల్లి కథ కూడా వినిపించింది. దాంతో నక్కకు ఒళ్ళు మండింది. నువ్వు మాత్రం మొదటి రోజున ఈ జింకకు తెలిసినవాడివా అని కాకిని నిలదీసింది. ఆ కోపంలోనే ఈ మాట అంది. విద్వాంసులు లేని చోట అల్పబుద్ధిని కూడా పొగుడుతారు, చెట్లు తీసేసిన దేశంలో ఆముదం కూడా చెట్టుగా చలామణీ అవుతుంది, అని. సంస్కృతంలో ఉన్నది ఇదే. చెట్లు లేని చోటు కాదు, చెట్లు తీసేసిన చోటు.

అంటే మనం తాతల కాలం నాటి జ్ఞానంగా వల్లిస్తున్న మాట, ఆ కథలో జింకను తినడానికి పొంచి ఉన్న నక్క నోటి నుంచి వచ్చింది. కాకి మీద జింకకున్న గౌరవాన్ని చెరపడానికి అన్న మాట. ఆ వెంటనే అదే నక్క మరో శ్లోకం ఎత్తుకుంటుంది. వీడు నావాడు, వాడు పరాయివాడు అనే లెక్క అల్పులది, ఉదారులకు భూమి అంతా ఒకే కుటుంబం అని. 2023లో మన దేశం జీ20 సభలకు నినాదంగా పెట్టుకున్న భావం అదే. నక్క చెప్పినంత మాత్రాన మంచి మాట చెడ్డదైపోదు, నిజమే. కానీ ఎవరు, ఎప్పుడు, ఎవరి మీద అన్నారో తెలిస్తే వినే చెవి కాస్త మారుతుంది.

కథ అక్కడితో అయిపోలేదు. జింకకు పచ్చటి చేను చూపించింది నక్కే. చేనుగలవాడు వల పన్నాడు. వలలో పడ్డ జింక, కొరికి విడిపించమని నక్కను బతిమాలుకుంది. నక్క ఏమందో తెలుసా? ఈ తాళ్ళు నరాలతో చేసినవి, ఇవాళ ఆదివారం, పళ్ళతో ముట్టుకోకూడదు, రేపు పొద్దున నువ్వెలా చెబితే అలా చేస్తాను అంది. ఏదో ఒక ప్రభుత్వాఫీసు కిటికీ ముందు నిలబడ్డవాళ్ళెవరికైనా ఈ గొంతు ఎక్కడో విన్నట్టే ఉంటుంది. చివరికి వెతుక్కుంటూ వచ్చింది కాకి. కడుపు ఉబ్బించి, కాళ్ళు బిగబట్టి చచ్చినట్టు పడుకో, నేను అరవగానే లేచి పరుగెత్తు అని చెప్పింది. చేనుగలవాడు చచ్చిందనుకుని కట్లు విప్పాడు. కాకి అరిచింది, జింక పారిపోయింది, అతను విసిరిన కర్ర పొద చాటున నక్కకు తగిలింది. నక్క ఆముదం చెట్టని ఎగతాళి చేసిన కాకే, ఆ అడవిలో పని తెలిసిన నాయకుడు.

ఈ కథ తెలిశాక నాకు సామెత విన్నప్పుడల్లా రెండు అనుమానాలు వస్తాయి. అంటున్నవాడికి ఆ కుర్చీ మీద కన్నుందా? ఉన్న చెట్లను కొట్టిందెవరు?

చెట్టుకూ ఆముదానికీ తేడా పుస్తకంలో చదవక్కర్లేకుండా తెలిసిన ప్రాంతం మాది. 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు వేల మంది పోయారు. బతికి బయటపడ్డవాళ్ళలో చాలామంది ఏ తుమ్మ చెట్టో, తాడి చెట్టో పట్టుకుని తెల్లవార్లూ వేళ్ళాడినవాళ్ళే. తుమ్మ ముళ్ళు గీరుకున్న మచ్చలు చూపించేవాళ్ళు నాగాయలంక, కోడూరు వైపు పాత తరంలో ఉండేవారు. ఆ తర్వాతనే తీరం వెంబడి సరుగుడు తోపులు పెంచాలనీ, కృష్ణ సముద్రంలో కలిసే చోట మడ అడవులు కొట్టకూడదనీ గట్టిగా అనడం మొదలైంది. ఆ రోజుల్లో శవాల మధ్య తిరుగుతూ సహాయం నడిపిన మండలి వెంకటకృష్ణారావుని దివిసీమ గాంధీ అని ఇప్పటికీ తలుచుకుంటారు. మనిషికి అలాంటి పేరు ఊరికే రాదు. ఆ రాత్రి ఆముదం చెట్టు పట్టుకున్నవాళ్ళు సాక్ష్యం చెప్పడానికి మిగల్లేదు.

అయితే చెట్లను గొడ్డలే కొట్టదు. పెద్ద చెట్టు కూడా చిన్న చెట్టును చంపుతుంది. మర్రిచెట్టు కింద మరో మొక్క మొలవదు అనేది కూడా మన సామెతే. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి రెండోదానికి ముందు భాగంలా కనిపిస్తుంది నాకు. మర్రి నీడలో ఏదీ ఎదగదు. ఒకనాటికి మర్రి కూలుతుంది. నీడ పోయి ఎండ పడిన ఆ బోసి నేల మీద మొదట లేచేది ఆముదమే.

కృష్ణకు అటూ ఇటూ ఇందుకు పాఠం లాంటి చరిత్ర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడిది. చింతపల్లి నుంచి కాపురం మార్చి అమరావతి కట్టుకున్న జమీందారు. మంగళగిరిలో పదకొండు అంతస్తుల గాలిగోపురం ఆయన ఎత్తించిందే. దానధర్మాల గురించి కథలు, కర్కశత్వం గురించి కథలు, రెండూ పుష్కలంగా ఉన్నాయి. ఇన్ని కట్టించినవాడు తన తర్వాత జమీని నడిపే మనిషిని మాత్రం తయారు చెయ్యలేదు. పిల్లలు లేక ఒకరిని దత్తత తీసుకున్నాడు. అతను ఉండగానే ఇంకొకరిని తీసుకున్నాడు. 1816లో ఆయన పోగానే జగన్నాథబాబు, రామనాథబాబుల మధ్య వ్యాజ్యం మొదలైంది. వాళ్ళతోనూ ఆగలేదు, ఆడవాళ్ళ దాకా వచ్చింది. 1846లో లండన్‌లో ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. రంగమ్మ, అచ్చమ్మల కేసుగా హిందూ లా పుస్తకాల్లో చాలాకాలం బతికింది ఆ తీర్పు. ఒక దత్తపుత్రుడు బతికుండగా మరొకరిని దత్తత చేసుకోవడం చెల్లదన్నారు. న్యాయం తేలింది. ఈలోగా తగువులు, బకాయిలు కలిసి జమీని మింగేశాయి. మిగిలింది సర్కారు పరమైంది. గాలిగోపురం మాత్రం ఇప్పటికీ నిలబడే ఉంది. గోపురం కట్టడం తేలిక, వారసుణ్ణి నిలబెట్టడమే కష్టం అని మంగళగిరి వెళ్ళినప్పుడల్లా అనుకుంటాను.

ఆ ముప్పై ఏళ్ళలో గుంటూరు జిల్లాను ఏలిందెవరు? కాగితాల మీద కలెక్టరు దొర. ఫ్రైకెన్‌బర్గ్ అనే చరిత్రకారుడు 1788 నుంచి 1848 దాకా గుంటూరు జిల్లా దస్తావేజులు తిరగేసి 1965లో ఒక పుస్తకం రాశాడు. ఆయన చూపించిన సంగతి చిత్రంగా ఉంటుంది. దొరలు వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు. హుజూరు కచేరీలో తరాల తరబడి కుదురుకున్న మరాఠీ దేశస్థ కుటుంబాల శిరస్తాదార్లు, ఊళ్ళల్లో కరణాలు, వీళ్ళ చేతుల్లో ఉండేది అసలు పాలన. పంట ఎంత, శిస్తు ఎంత, ఎక్కడ మాయమైంది అనేవి పైకి తెలియనిచ్చేవాళ్ళు కాదు. మద్రాసులో కూర్చున్న బోర్డుకి ఆ కలెక్టరే మహావృక్షం. కచేరీ గుమాస్తాకి ఆయన ఆముదం చెట్టు అని తెలుసు. తెలిసినా చెప్పడు, ఎందుకంటే ఆ గుల్ల కాండమే అతనికి కావాలి. చేతగాని నాయకుడు అందరికీ నష్టం అనుకుంటాం. అది తప్పు. చేతగాని నాయకుడి కింద హాయిగా బతికేవాళ్ళు ఎప్పుడూ కొందరుంటారు. అతన్ని అక్కడే ఉంచేది వాళ్ళే. 1840ల్లో గుట్టు విప్పడానికి వాల్టర్ ఇలియట్‌ని పంపారు. శిస్తు లెక్కలు తవ్వడానికి వచ్చిన ఆయన పనిలో పనిగా అమరావతి దిబ్బ కూడా తవ్వి శిల్పాలు మద్రాసుకు పంపించాడు. రెండు తవ్వకాల్లోనూ చాలా బయటపడ్డాయి.

ఈ మధ్యలో వచ్చిందే నందన కరువు. 1832, 33 సంవత్సరాలు. డొక్కల కరువని జనం పేరు పెట్టారు. గుంటూరు జిల్లాలో సుమారు ఐదు లక్షల జనంలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది పోయారని అంచనా. పక్కనే కృష్ణ సముద్రంలోకి పారుతూనే ఉంది. బెజవాడ దగ్గర నదికి అడ్డుకట్ట వేయొచ్చన్న ఆలోచన 18వ శతాబ్దం చివర్లోనే దొరలకు వచ్చింది. కాగితం ఒక బల్ల నుంచి మరో బల్లకు నడిచి నడిచి, పని మొదలయ్యేసరికి 1852. ధవళేశ్వరంలో కాటన్ దగ్గర పని నేర్చుకున్న కెప్టెన్ ఓర్ మూడేళ్ళలో, 1855కల్లా ఆనకట్ట కట్టేశాడు. అర్ధ శతాబ్దం పట్టింది నిర్ణయానికి, మూడేళ్ళు పట్టింది పనికి. కాటన్ విగ్రహాలు ఊరూరా ఉన్నాయి. ఓర్ పేరు బెజవాడలో ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే.

మా వైపు చెట్లు మొలిచిన కాలం కూడా ఒకటుంది. నాయకులు ఆకాశం నుంచి ఊడిపడరు, నారుమడి కావాలి. 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు కోపల్లె హనుమంతరావు, పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు. పట్టాభి 1923లో అదే ఊళ్ళో ఆంధ్రా బ్యాంకు పెట్టాడు. ముట్నూరి దాదాపు నాలుగు దశాబ్దాలు కృష్ణాపత్రిక నడిపాడు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది, అయ్యంకి వెంకటరమణయ్య చలవతో. 1935లో పాతూరి నాగభూషణం పడవలో పుస్తకాలు పెట్టి పెదపాలెం, కొల్లూరు మధ్య కాలవ మీద తిప్పాడు. పడవ రేవుకొస్తే రైతు పుస్తకం మార్చుకునేవాడు. ఎన్.జి. రంగా నిడుబ్రోలులో రైతులకు రాజకీయ పాఠశాల నడిపాడు. కాలవ నీళ్ళు పొలానికి ఏం చేశాయో అందరికీ తెలుసు. కాలవ మీద తిరిగిన పుస్తకాలు ఏం చేశాయో లెక్క కట్టినవాళ్ళు తక్కువ.

ఆ మట్టిలోంచే కె.ఎల్. రావు, అంటే కానూరి లక్ష్మణరావు, వచ్చాడు. 1902లో కంకిపాడులో పుట్టి, ఇంజనీరై, నాగార్జునసాగర్ రూపకల్పనలో పాలుపంచుకుని, 1962 నుంచి విజయవాడ ఎంపీగా గెలిచి, కేంద్రంలో నీటిపారుదల మంత్రి అయ్యాడు. నీళ్ళ శాఖకు నీళ్ళ సంగతి తెలిసిన మంత్రి. ఇప్పుడు వింటే ఏదో అతిశయోక్తిలా ఉంటుంది. గంగను కావేరితో కలపాలన్న ఆలోచన కూడా ఆయనదే. అది జరగలేదు, జరగాలా వద్దా అన్నది వేరే వాదన. కానీ తప్పో ఒప్పో ఆ మనిషితో వాదించాలంటే లెక్కలు తెలుసుకుని రావాలి. నాయకుడి సమర్థతకు నేను పెట్టుకున్న కొలత అదొక్కటే. ఆయనతో విభేదించేవాడు కూడా చదువుకుని రావాల్సి వస్తుందా, లేక గొంతుంటే సరిపోతుందా? పులిచింతల ప్రాజెక్టుకు కె.ఎల్. రావు పేరు పెట్టారు.

పాత కాలమంతా బంగారమని నేను అనడం లేదు. ఆ నారుమడిలో అన్ని విత్తనాలకూ చోటు లేదు. రెండు మూడు కులాల మగవాళ్ళే ఎక్కువ. మాలపల్లె పిల్లకు కాలవ మీది పడవ ఎంత దగ్గరో అంత దూరం. పడగొట్టాల్సినవి కొన్ని పడగొట్టాల్సే వచ్చింది. 1984లో ఎన్.టి. రామారావు ఒక్క కలం పోటుతో మునసబు, కరణాల వ్యవస్థను తీసేశాడు. వంశపారంపర్యంగా ఊళ్ళ మెడ మీద కూర్చున్న పెత్తనం అది, పోవాల్సిందే. కానీ తీసేసినంత చురుగ్గా కొత్తది నాటలేదు. ఊరి భూమి లెక్క నోటికి వచ్చినవాళ్ళు పోయారు, ఆ లెక్క నేర్చుకునేవాళ్ళు రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఆ ఖాళీలో ఎవరు మొలిచారో ప్రతి ఊరికీ దాని కథ దానికుంది.

ఇప్పటి నారుమళ్ళ సంగతి చూడండి. కాలేజీల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు లేక దశాబ్దాలైంది. గెలవడం, ఓడడం, ఓడినవాడితో కలిసి పని చేయించుకోవడం ఇరవై ఏళ్ళ వయసులో నేర్చుకునే చోటు అది. గొడవలవుతున్నాయని మూసేశారు. గొడవలయ్యాయి, నిజమే. వరి చేలో కలుపు పడితే చేను తగలబెట్టరు కదా. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలకు 2013లో ఎన్నికలు జరిగాయి. ఆ తర్వాత ఏళ్ళ తరబడి పర్సన్ ఇన్‌ఛార్జి కమిటీలే. పైనున్న పార్టీ మారితే కింద కమిటీ మారుతుంది. ఊళ్ళో రైతుకు తన సంఘం ప్రెసిడెంటును ఎన్నుకునే పని లేదు, దించే పని లేదు. తర్వాత ఎప్పుడో అసెంబ్లీ టికెట్ల రోజున, ఏం ఖర్మండీ, ఒక్క సరైన మనిషి కూడా లేడు అంటాం.

2024 వానాకాలం మాకు ఇదంతా నీళ్ళలో నిలబెట్టి చూపించింది. ఆగస్టు 31 నుంచి కురిసిన వానకు బుడమేరు మళ్ళింపు కాలవ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. గండ్లు పూడ్చడానికి సైన్యం కూడా రావాల్సి వచ్చింది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చింది. 1957లో బ్యారేజీ మొదలయ్యాక అంత వరద ఎప్పుడూ రాలేదు. పైనుంచి కొట్టుకొచ్చిన పడవలు గేట్ల దగ్గర కౌంటర్ వెయిట్లను గుద్దేశాయి. తప్పెవరిదన్న దాని మీద ఆ వారమంతా టీవీల్లో జరిగిన యుద్ధం మీరూ చూసే ఉంటారు. ఎవరికి వాళ్ళు ఎదుటివాడే ఆముదం చెట్టన్నారు.

నాకు ఆ గోలలో ఒక్క మనిషే గుర్తుండిపోయాడు. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు. ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోతే పిలిచింది ఆయననే. నెల తిరక్కుండా ఇక్కడ కౌంటర్ వెయిట్లు విరిగితే పిలిచిందీ ఆయననే. ఏనాడో రిటైరైన పెద్దాయన గట్టు మీద నిలబడి కుర్రవాళ్ళకు చెప్పి చేయించాడు. ఆయన మహావృక్షమే, అందులో అనుమానం లేదు. దండం పెట్టాల్సిందే. పెట్టాక ఒక్క క్షణం ఆగి అడగాలి. ఇన్ని డ్యాములు, ఇన్ని ఇంజనీరింగ్ కాలేజీలు ఉన్న చోట, గేటు విరిగితే గుర్తొచ్చే పేరు ఒక్కటేనా? ఆ పెద్దాయన పక్కన నిలబడి పని నేర్చుకున్న కుర్రాళ్ళ పేర్లు ఎక్కడైనా రాసిపెట్టారా? మనకు మహావృక్షం ఉంటే సంబరం. దాని విత్తనాలు ఎక్కడ పడ్డాయో చూసుకునే అలవాటు లేదు.

బుడమేరు గట్టు కూడా ఒక్క రాత్రిలో బలహీనపడలేదు. కాలవ గట్ల మీద ఒకప్పుడు లస్కర్లు తిరిగేవాళ్ళు. ఎక్కడ ఎలుక బొరియ పడింది, ఎక్కడ గట్టు జారింది, ఏ తూము దగ్గర గుర్రపుడెక్క పేరుకుంది అనేది వాళ్ళ కాళ్ళకు తెలుసు. జీతం చిన్నది, పేరు లేదు. డెల్టాలో ఏ రైతునడిగినా చెబుతాడు, ఇప్పుడు గట్టు మీద లస్కరు కనిపించడం గగనమని. ఉన్న ఒక్కడికి మూడు కాలవలు. నాయకత్వం అంటే మనకు గుర్తొచ్చేది బ్యారేజీ మీద నిలబడి ఫోటో దిగే మనిషి. గట్టు జారిందని చెప్పగలిగిన మనిషి, చెబితే వినే ఏఈ, విని కాగితం కదిపే ఈఈ, ఇవన్నీ మధ్యలో ఉండే చెట్లు. అవి కొట్టేశాక పైన ఎవరిని పెట్టినా ఆముదమే అవుతారు. కె.ఎల్. రావునే తెచ్చి కూర్చోబెట్టినా ఆ రాత్రి ఏ గట్టు ఎక్కడ జారుతోందో ఆయనకు చెప్పేదెవరు?

ఇక ఆముదం తరఫున రెండు మాటలు. బండి ఇరుసుకు కందెన అదే. కరెంటు రాకముందు దీపంలో వెలిగింది అదే. పసిపిల్లల మాడుకు అద్దిందీ, మా తరం ముక్కు మూసుకుని తాగిందీ అదే. నందిగామ, తిరువూరు వైపు మిరప చేల చుట్టూ ఆముదం వేస్తారు. పొగాకు లద్దెపురుగు తల్లి గుడ్లు పెట్టడానికి ముందు ఆ వెడల్పాటి ఆకుల మీదికే వెళుతుంది. రైతు ఆ ఆకులు గిల్లి పారేస్తే మిరప దక్కుతుంది. వ్యవసాయ శాఖవాళ్ళు దాన్ని ఎర పంట అంటారు. చేను గట్టున ఉన్నంతసేపు అంత పనికొచ్చే మొక్క లేదు. దాన్ని నీడకోసం నాటుకుని, నీడ చాల్లేదని తిట్టేది మనం. కొందరు మంచి గుమాస్తాలు, మంచి మేస్టర్లు, మంచి కార్యకర్తలు ఉంటారు. ఖాళీ అయిన కుర్చీలో ఎవరో ఒకరు ఉండాలని వాళ్ళను ఎక్కించి, ఏడాది తిరక్కుండా సామెత చెబుతాం.

సామెత చెప్పడం వల్ల ఇంకో నష్టం కూడా ఉంది. పదవిలోకి వచ్చిన ప్రతి చిన్న మనిషినీ, నేర్చుకోకముందే ఆముదం చెట్టని నవ్వితే, రేపు చెట్టు కాగలిగినవాడు కూడా పెరట్లోంచి బయటికి రాడు. మా అపార్టుమెంటులో ప్రెసిడెంటుగా ఉండమంటే అందరూ పనుందంటారు. లిఫ్టు ఆగిన మర్నాడు వాట్సాప్ గ్రూపులో అందరూ నిపుణులే. నక్క కాకితో అన్న మాట పనిచేసేది అక్కడే. ఆ మాటే గొడ్డలి. కథలో జింక నక్క మాట వినేసింది గానీ కాకి మాత్రం చిన్నబుచ్చుకుని ఎగిరిపోలేదు. అందరూ కాకి అంత ఓర్పు పట్టరు.

2024 డిసెంబరులో సాగునీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిగాయి. 1997 చట్టంతో పుట్టిన సంఘాలు ఇవి, మధ్యలో చాలాకాలం పేరుకే మిగిలాయి. చాలాచోట్ల ఏకగ్రీవాలే. కృత్తివెన్ను వైపు ఒక శివారు ఊళ్ళో అధ్యక్షుడైన కుర్రాణ్ణి ఆ తర్వాత కలిశాను. డిగ్రీ చదివి, హైదరాబాదులో కొన్నాళ్ళు ఉద్యోగం చేసి తిరిగొచ్చినవాడు. ఎవరూ ముందుకు రాకపోతే ఇతని పేరు రాశారట. కాలవ గట్టు మీద అతని ఎదుటే ఒక పెద్దాయన, "ఏముందండీ, ఎవరూ లేకపోతే మా వాడే పెద్ద చెట్టు" అని నవ్వాడు. కుర్రాడు కూడా నవ్వాడు. అతని చేతిలో ఫోను, అవతల పై లాకుల దగ్గర లస్కరు. షట్టరు ఎన్ని అంగుళాలు లేపారు, పైన ఎవరు ఇంజను పెట్టి తోడేస్తున్నారు, తూటికాడ తీసే కూలీలు రేపు వస్తారా రారా, ఇవీ అతని మాటలు. అంగుళాల లెక్క దగ్గర రెండుసార్లు తడబడ్డాడు. పెద్దాయన సరిచేశాడు.

శివారుకు నీళ్ళు అందుతున్నాయా అని ఆ పెద్దాయననే అడిగాను.

"ఈ వంతుకి అందినయ్యండీ" అన్నాడు. "పై వంతు ఇంకా రావాల."